బెంగళూరు ఆపుతుంది, హైదరాబాద్ తిప్పుతుంది: ఫోన్ మ్యాప్‌కు రెండు ఊళ్లలో నా మార్కులు

ఫోన్ మ్యాప్‌ను నమ్ముకుని పెద్ద ఊళ్లో తిరగొచ్చా అని ఎవరైనా అడిగితే, ముందు ఏ ఊళ్లో అని అడుగుతాను. బెంగళూరులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి హైదరాబాద్ వచ్చేశాను, మా అక్కావాళ్లు ఇంకా అక్కడే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటారు కాబట్టి రాకపోకలు ఆగలేదు, రెండు చోట్లా బైకూ నడిపాను, కారూ నడిపాను, మెట్రోలోనూ తిరిగాను. అదే ఫోను, అదే మ్యాప్. బెంగళూరులో అయిదుకి నాలుగు ఇస్తాను, హైదరాబాద్‌లో రెండున్నర, అదీ ఈమధ్య కాస్త మెరుగుపడింది కాబట్టి. ట్రాఫిక్‌కి మార్కులు వేయమంటే మాత్రం లెక్క తిరగబడుతుంది, ఆ విషయంలో హైదరాబాద్ ఇంకా నయం. ఏ కంపెనీ మ్యాప్ అని అడక్కండి, రెండు మూడు వాడాను, ఇక్కడ చెప్పే జబ్బులు అన్నిటికీ ఉన్నాయి.

ముందు బెంగళూరు సంగతి. అక్కడి ట్రాఫిక్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, టామ్‌టామ్ అనే డచ్ కంపెనీ ఏటా ప్రపంచంలోని నగరాల ట్రాఫిక్ లెక్కలు వేస్తుంది కదా, 2024 లెక్కల్లో బెంగళూరులో 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు పడుతుందని తేల్చింది. ఆ ఏడాది మన దేశంలో కోల్‌కతా ఒక్కటే అంతకన్నా నిదానం. ఇది సగటు సుమా. సాయంత్రం ఆరున్నరకి బెళ్లందూరు నుంచి సిల్క్‌బోర్డ్ వైపు వెళ్లేవాడికి ఈ లెక్క చెబితే నవ్వుతాడు.

కానీ ఒకటి గమనించండి, అక్కడ ట్రాఫిక్ ఎంత ఘోరమో అంత నికరం. సిల్క్‌బోర్డ్, మారతహళ్లి బ్రిడ్జి, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ. రోజూ ఇవే చోట్లు, రోజూ ఇంచుమించు అవే వేళలు. అందుకే మ్యాప్ చెప్పే టైము అక్కడ బాగా కలుస్తుంది. గంటా పది నిమిషాలు అంటే గంటా పది, మహా అయితే గంటంబావు. రోడ్డు మీద ఇరుక్కున్న వాళ్లందరి ఫోన్లూ ఎంత మెల్లగా కదులుతున్నాయో చూసుకునే కదా అది టైము చెప్పేది, అక్కడ ఇరుక్కున్న ఫోన్లకు కొదవలేదు. ఒక్క బైకు వాళ్ల విషయంలోనే తేడా, కార్ల మధ్య సందుల్లోంచి దూరిపోయేవాళ్లు కాబట్టి చెప్పినదానికన్నా ముందే చేరతారు.

ఇక అడ్రస్. దీంట్లో బెంగళూరుకి దండం పెట్టాల్సిందే. జయనగర్ 1948లో మొదలైన లేఅవుట్, అప్పటినుంచీ అక్కడ పద్ధతి ఒకటే: పొడుగ్గా వెళ్లేది మెయిన్, దాన్ని కోసుకుంటూ వెళ్లేది క్రాస్, నంబర్లు వరసగా. ఆరో క్రాస్ దాటితే ఏడో క్రాస్. ఇది వినడానికి మామూలు మాటే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి మాత్రం కళ్లు చెమరుస్తాయి. మా అక్కావాళ్లింటికి వెళ్లేటప్పుడు ఫోన్ చార్జింగ్ అయిపోయినా నాకు టెన్షన్ ఉండదు. సెక్టార్, మెయిన్, క్రాస్, ఇంటి నంబర్, అయిపోయింది. ఆటోవాలా కూడా "యావ క్రాస్?" అని ఒక్కటే అడుగుతాడు, చెబితే "సరి, కూత్కొళ్లి" అని ఎక్కించుకుంటాడు. కన్నడం రాకపోయినా ఇబ్బంది లేదు, సగం చోట్ల తెలుగులోనే జవాబు వస్తుంది.

చిక్కు లేదని కాదు. ఒకటో మెయిన్, ఒకటో క్రాస్ అనేవి ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటాయి. 80 అడుగుల రోడ్డు ఇందిరానగర్‌లో ఉంది, కోరమంగలలోనూ ఉంది. బీటీఎం అంటే చాలదు, ఒకటో స్టేజా రెండో స్టేజా చెప్పాలి, జేపీ నగర్ అయితే ఏ ఫేజో చెప్పాలి. మ్యాప్‌లో వెతికేటప్పుడు ఏరియా పేరు కొట్టకుండా "5వ మెయిన్" అని కొట్టేసి, పైన వచ్చిన మొదటిదాన్ని నొక్కేసి బయల్దేరితే ఊరికి అటు చివర తేలతారు. అది మ్యాప్ తప్పు కాదు.

అసలు కష్టం లేఅవుట్ దాటాక వస్తుంది. ప్లాన్ వేసి కట్టిన లేఅవుట్లకి మధ్యలో ఉన్నవన్నీ పాత పల్లెల రోడ్లే, సర్జాపుర రోడ్డు, వర్తూరు రోడ్డు లాంటివి. వాటి పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి, ఆఫీసులు లేచాయి, రోడ్డు మాత్రం పెద్దగా పెరగలేదు. ఒకదానికి బదులు ఇంకొకటి పట్టుకుందామంటే ఇంకొకటి ఉండదు. మ్యాప్ "వేరే దారి, 4 నిమిషాలు ఆదా" అని ఆకుపచ్చ గీత చూపించి ఏదో సందులోకి పంపిస్తుంది, అదే గీత అందరికీ చూపిస్తుంది కాబట్టి సందు లోపల కార్లన్నీ ఎదురెదురుగా నిలబడి హారన్లు. నేను అక్కడ ఆ 4 నిమిషాల ఆశను వదిలేశాను, పెద్ద రోడ్డు మీదే కూర్చుంటాను. ఇందుకే అయిదుకి నాలుగు, లేకపోతే ఇంకో అర మార్కు వేసేవాణ్ణి.

హైదరాబాద్‌కి వద్దాం. ఇక్కడ బండి కదులుతుంది. ఐకియా జంక్షన్, బయోడైవర్సిటీ, కొత్తగూడ, లక్డీకాపూల్, సాయంత్రం ఇవి నరకమే, ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఫ్లైఓవర్ పనుల పేరుతో ఏళ్ల తరబడి జనం తిన్న దుమ్ము ఆ దేవుడికే తెలుసు. అయినా మొత్తం మీద రోడ్లు వెడల్పు, వరసగా ఫ్లైఓవర్లు కట్టారు, రాత్రి పది దాటితే మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి రయ్యిమని వచ్చేయొచ్చు. బెంగళూరులో మిమ్మల్ని ఆపి ఏడిపిస్తారు. ఇక్కడ ఆపరు, తిప్పుతారు.

ఎలాగంటే, పెద్ద జంక్షన్లలో చాలాచోట్ల కుడివైపు మలుపులు మూసేశారు. సిగ్నల్ దగ్గర ఆగి కుడివైపు తిరగడం ఉండదు, ముందుకెళ్లి యూటర్న్ కొట్టి వెనక్కి రావాలి. ట్రాఫిక్ ఆగకుండా సాగాలంటే ఇది మంచి ఉపాయమే, కాదనను. కానీ మీరు వెళ్లాల్సిన హోటల్ రోడ్డుకి అటువైపు కళ్లెదుట కనిపిస్తూ ఉంటుంది, సైన్‌బోర్డు చదవొచ్చు, లోపల ఇడ్లీ తింటున్నవాళ్లు కూడా కనిపిస్తారు, మీరు మాత్రం కిలోమీటరు ముందుకెళ్లి తిరిగి రావాలి. ఆ యూటర్న్‌ని కూడా పోలీసులు అవసరాన్ని బట్టి మారుస్తుంటారు, నిన్న ఉన్నచోట ఇవాళ బారికేడ్లు, దాని మీద ట్రాఫిక్ పోలీస్ అని రాసి ఉంటుంది. మ్యాప్ మాత్రం నిబ్బరంగా "ఇక్కడ యూటర్న్ తీసుకోండి" అంటుంది.

దీనికన్నా పెద్ద గొడవ ఫ్లైఓవర్. ఎక్కాలా, కింద వెళ్లాలా? మ్యాప్ మనం ఎక్కడున్నామో ఉపగ్రహాలను బట్టి లెక్కేసుకుంటుంది, పై నుంచి చూస్తే ఫ్లైఓవరూ దాని కింద రోడ్డూ ఒకదాని మీద ఒకటి, రెండూ ఒకే చోటు. అడ్డం పొడుగు లెక్కలో కొన్ని మీటర్ల తేడాతో సరిపెడుతుంది గానీ, ఎత్తు లెక్కలో ఇంకా తడబడుతుంది. కింద రోడ్డులో ఉంటే పైనున్న కాంక్రీటు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, నీలం చుక్క అటూ ఇటూ గెంతుతుంది. సరిగ్గా నిర్ణయం తీసుకోవాల్సిన ఆ యాభై మీటర్లలోనే అది మౌనం పాటిస్తుంది.

షేక్‌పేట ఫ్లైఓవర్‌నే తీసుకోండి, 2022 జనవరిలో తెరిచారు, 2.8 కిలోమీటర్లు. సెవెన్ టూంబ్స్, ఫిల్మ్‌నగర్ రోడ్డు, ఓయూ కాలనీ, విస్పర్ వ్యాలీ, నాలుగు జంక్షన్లనూ పైనుంచి దాటించేస్తుంది. గచ్చిబౌలి వెళ్లేవాడికి వరం. ఓయూ కాలనీలో చుట్టాలింటికి వెళ్తూ పొరపాటున ఎక్కినవాడికి చూడండి: కాలనీ కింద కనిపిస్తూ వెళ్లిపోతుంది, దిగే దారి లేదు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 పై దారి కూడా అంతే, ఎక్కితే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా ఇనార్బిట్ మాల్ వైపు దించుతుంది. చెరువు భలే ఉంటుంది, రాత్రి లైట్లు ఇంకా బావుంటాయి, కానీ మీరు వెళ్లాల్సిన రెస్టారెంట్ వెనక రోడ్ నంబర్ 45లోనే ఉండిపోయింది.

గూగుల్ మ్యాప్స్ 2024 జులైలో మన దేశంలో 40 నగరాల్లో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందుగా చెప్పే ఏర్పాటు తెచ్చింది, హైదరాబాద్, బెంగళూరుతో కలిపి 8 నగరాల్లో ఇరుకు సందులు తప్పించే ఏర్పాటు కూడా. మన దేశపు కంపెనీ మ్యాప్‌మైఇండియా వాళ్ల మాపుల్స్ అయితే జంక్షన్ బొమ్మను ఉన్నదున్నట్టు గీసి చూపిస్తుంది, ఏ లేన్‌లో ఉండాలో అందులో తెలుస్తుంది. ఇవి వచ్చాక బతుకు తేలికైంది, పైన చెప్పిన రెండున్నరలో ఓ అర మార్కు వీటిదే. అయినా నీలం చుక్క గెంతులాట పోలేదు. మీరు కింద ఉంటే పైన ఉన్నారనుకుని "1.5 కిలోమీటర్లు నేరుగా వెళ్లండి" అని చెప్పి ఊరుకునే రోజులు ఇంకా ఉన్నాయి.

మరి హైదరాబాద్ జనం ఇన్నేళ్లూ ఎలా తిరిగారంటే, వాళ్లకి వాళ్ల సొంత మ్యాప్ ఉంది. పిల్లర్ నంబర్లు! మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా స్తంభాల మీద 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది కదా, ఎయిర్‌పోర్టుకి తొందరగా వెళ్లడానికి కట్టింది అది. కింద ఉన్నవాళ్లకి దొరికింది మాత్రం అడ్రస్. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వైపు వెళ్లి చూడండి, బిర్యానీ హోటల్, పెళ్లి హాలు, పళ్ల డాక్టరు, అన్ని బోర్డుల మీదా "పిల్లర్ నంబర్ ఫలానా ఎదురుగా" అనే ఉంటుంది. మెహదీపట్నం వైపు నుంచి వెళ్లేకొద్దీ నంబరు పెరుగుతుంది, కాబట్టి ముందుకెళ్లాలా వెనక్కా అన్నది అడగక్కర్లేదు. ఏ కార్పొరేషనూ ప్లాన్ చేసి ఇవ్వలేదు, సిమెంటు స్తంభాల మీద ఇంజినీర్లు తమ లెక్క కోసం వేసుకున్న నంబర్లని జనం లాక్కున్నారు. తర్వాత మెట్రో స్తంభాలకీ అదే అలవాటు పాకింది.

క్యాబ్ బుక్ చేస్తే జరిగే సంభాషణ మీకూ తెలిసిందే.

"సార్, లొకేషన్‌లోనే ఉన్నా, మీరెక్కడున్నరు?"

"నేనూ లొకేషన్‌లోనే ఉన్నాను అన్నా, మెడికల్ షాపు ముందర."

"ఏ మెడికల్ షాపు సార్, ఈడ మూడున్నయి. పిల్లర్ నంబర్ చెప్పుండ్రి."

పిల్లర్ నంబర్ చెప్పగానే "ఆఁ, అవతల సైడా, యూటర్న్ కొట్టి వస్తున్నా" అంటాడు. అక్కడితో తేలిపోతుంది. ఇద్దరి చేతుల్లోనూ ఖరీదైన ఫోన్లు, ఇద్దరికీ ఒకే మ్యాప్, చివరికి పని చేసింది స్తంభం మీద నల్ల పెయింటు.

స్తంభాలు లేనిచోట మాత్రం దేవుడే దిక్కు. బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. నంబర్లు ఉన్నాయి కదా అని బెంగళూరు లెక్కలో ఒక నంబరు పక్కనే తర్వాతి నంబరు కోసం వెతక్కండి, రాతి గుట్టల మీద ఎక్కడ దారి కుదిరితే అక్కడ వేసిన రోడ్లు అవి, నంబరు ఎక్కడో మొదలై ఎక్కడో తేలుతుంది. ఇక ఇంటి నంబర్లు సరేసరి. 8-2-293 బై 82 అని మొదలయ్యే అడ్రస్‌లు జూబ్లీహిల్స్‌లో కొల్లలు, ఆ తర్వాత బై ఏ, బై ఇంకేదో. పన్ను కట్టడానికి పనికొస్తుంది గానీ ఇల్లు వెతకడానికి కాదు. "కమాన్ (ఆర్చి) లోపలికి రండి, పోచమ్మ గుడి దాటాక రెండో గల్లీ, వేపచెట్టున్న ఇల్లు" అని ఫోన్‌లో చెబితే నేరుగా వచ్చేస్తారు.

దీనికి మందుగా తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి తయారు చేసినది. దేశాన్నంతా దాదాపు 4 మీటర్ల గళ్లుగా కోసి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. ఆలోచన బ్రహ్మాండం, పైగా మన ఊళ్లో పుట్టింది. కానీ డెలివరీ కుర్రాడికి ఫోన్‌లో ఆ పది అక్షరాలూ ఒక్కొక్కటే చదివి వినిపించే ఓపిక నాకు లేదు, రాసుకునే తీరిక అతనికి లేదు. యాప్‌లన్నీ దాన్ని లోపలే కలిపేసుకుంటే అప్పుడు చూద్దాం.

రింగ్ రోడ్డు దగ్గర రెండు ఊళ్లకీ పోలికే లేదు. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పేరుకే ఔటర్, సుమారు 60 కిలోమీటర్లు, ఊరు ఎప్పుడో దాన్ని మింగేసి అవతలికి పోయింది, ఇప్పుడది ఆఫీసుల వీధి. దాని మీద తిరిగే 500డి బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్లకి ఆ రోడ్డు గుండ్రంగా ఉంటుందన్న సంగతే గుర్తుండదు. హైదరాబాద్ ఔటర్ 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు, సిగ్నల్ లేదు, టోల్ కట్టి ఎక్కడమే. ఎగ్జిట్లకి నంబర్లు కూడా ఇచ్చారు, కోకాపేట 1, పటాన్‌చెరు 3, మేడ్చల్ 6, ఘట్‌కేసర్ 9, శంషాబాద్ 16, నానక్‌రామ్‌గూడ 19. హైదరాబాద్ మొత్తంలో నంబర్లు వరసలో ఉన్న ఏకైక రోడ్డు ఇదేనేమో, పిల్లర్లు పక్కన పెడితే. దీని మీద మ్యాప్‌కి అయిదుకి అయిదు. కాకపోతే ఒక ఎగ్జిట్ దాటిపోయిందంటే తర్వాతది చాలా దూరం, అందుకే నేను ఎక్కేముందే ఎగ్జిట్ నంబరు చూసి గుర్తుపెట్టుకుంటాను, స్పీకర్‌లో అమ్మాయి చెప్పేదాకా ఆగను. బైకు వాళ్లకి ఔటర్ మీదకీ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకీ అనుమతి లేదు, కాబట్టి మ్యాప్‌లో బైకు గుర్తు నొక్కారో లేదో బయల్దేరేముందే చూసుకోండి.

స్పీకర్‌లో అమ్మాయి అంటే గుర్తొచ్చింది. తెలుగు పెట్టుకుంటే బయల్దేరగానే "నైరుతి దిశగా ముందుకు సాగండి" అంటుంది. నైరుతి ఎటో ఇంటికి వాస్తు చూసే ఆయనకి తప్ప నాకైతే తెలియదు. రెండు అడుగులు వేసి చుక్క ఎటు జరిగిందో చూసుకోవడమే మార్గం.

మెట్రో గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దారి తప్పకుండా తిరగడానికి రెండు ఊళ్లలోనూ అంతకన్నా మంచి మందు లేదు. బెంగళూరులో 2011లో మొదలైంది, పర్పుల్ లైన్ 2023 అక్టోబరుకి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తిగా కలిసింది, 2025 ఆగస్టులో ఎల్లో లైన్ ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా వచ్చింది, డ్రైవర్ లేకుండా కూడా నడిచే వీలున్న రైలు. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లు సిల్క్‌బోర్డ్‌ని పైనుంచి చూస్తూ దాటుతున్నారు, అంతకన్నా ఏం కావాలి. టికెట్ మాత్రం 2025 ఫిబ్రవరిలో బాగా పెంచారు, అప్పుడు గరిష్ఠం 90 రూపాయలు అయింది.

మన మెట్రో 2017 నవంబరులో వచ్చింది, మూడు లైన్లు కలిపి 69 కిలోమీటర్లు. అమీర్‌పేటలో మారడం అలవాటైతే మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం నాలుగు మూలలూ చేతిలో ఉన్నట్టే. లోటల్లా అది రాయదుర్గం దగ్గర ఆగిపోవడం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెళ్లేవాళ్లు అక్కడ దిగి షేర్ ఆటోనో, కంపెనీ బస్సో, బైక్ ట్యాక్సీనో చూసుకోవాలి, వానొస్తే అదీ దొరకదు. ఇంకో మాట, ఇక్కడ మెట్రో దిగేటప్పుడు ఏ గేటు అన్నది చూసుకుని దిగండి, ఏ నుంచి డి దాకా రాసుంటుంది. రోడ్డుకి అవతలివైపు దిగితే, కింద డివైడర్ మీద ఇనుప కంచె ఉంటుంది కాబట్టి మళ్లీ మెట్లెక్కి స్టేషన్ లోంచే ఇవతలికి రావాలి. నడిచేవాడికి కూడా యూటర్న్ తప్పదన్నమాట.

వానాకాలంలో రెండు ఊళ్లకీ మార్కులు వేయను, మ్యాప్‌కీ వేయను. నీళ్లు నిలిచాక అరగంటకి గానీ గీత ఎర్రబడదు, ఈలోగా మీరు మోకాలి లోతులో ఉంటారు. ఇంకో చిన్న విషయం, సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు మిలిటరీ రోడ్లు కొన్నిటికి రాత్రి గేట్లు పడతాయి. మ్యాప్ వాటి మీదుగా దారి చూపిస్తే సెంట్రీతో వాదన పెట్టుకోకుండా తిరిగి వచ్చేయండి.

కొత్తగా బెంగళూరు వెళ్తున్నవాళ్లు మ్యాప్‌ని టైము కోసం చూడండి, ఆ టైముని నమ్మండి, అడ్రస్ కాగితం మీద రాసుకున్నా చాలు. హైదరాబాద్ వస్తున్నవాళ్లు బయల్దేరేముందే చివరి కిలోమీటరుని వేళ్లతో పెద్దది చేసి చూసుకోండి: రోడ్డుకి ఏ పక్క, ముందున్న యూటర్న్ ఎక్కడ, ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా. వెళ్లే చోటి వాళ్లకి ఫోన్ చేసి పిల్లర్ నంబర్ అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు, పాన్ డబ్బా అన్న చెప్పినంత బాగా ఏ యాప్ చెప్పదు, "సీదా పోయి, పైకెక్కకు, కింద నుంచే పో" అని చెయ్యి ఊపి మరీ చెబుతాడు. ఎయిర్‌పోర్టుకి అయితే రెండు చోట్లా నేను మ్యాప్ జోలికే పోను, అక్కడ మెజెస్టిక్ బస్టాండ్‌లో కేఐఏ-9 బస్సు, ఇక్కడ పుష్పక్ బస్సు. ఏ లేన్‌లో ఉండాలన్న బాధ డ్రైవర్‌ది, నేను కిటికీ పక్క సీటు దొరుకుతుందా లేదా అన్నది చూసుకుంటాను.